అంచు మీది గీత

వకుళశ్రీ పోయి ఏడాది కూడ కాలే,
నల్లగొండ గడియారం సెంటర్ల నా జిరాక్సు మిషిను
అప్పుడే ఆమెను మూడుమాట్ల కన్నది.

పుట్టిన ఊరు తేలితే ఆడ విగ్రహం పెడ్తరట.
కమిటీ ముంగట పడే ప్రతి రుజువూ
ముందుగాల నా అద్దం మీద బోర్ల పడాలె.

నారాయణపేటోళ్లు పొద్దుగాల బస్సుకే దిగిండ్రు.
మగ్గం గుంతల పుట్టిందన్నరు, పేరు యశోదాబాయి,
కన్నడం, మరాఠీ, తెలుగు
ఒక్క నోట్లె మూడు దారాలు ఆడేటియట.
తెచ్చింది నూలు అప్పు చిట్టీ,
దాని మూలకు పిల్ల వేలిముద్ర.
ఐదు కాపీలు. పది రూపాయలు.

కోయిలకొండ ఖాదర్ మొహియుద్దీన్ సాబు
విగ్రహం మాటే ఎత్తలే.
మా ఫూఫీ బిడ్డ, నసీమున్నీసా,
పోలీసు యాక్షన్ల చెయ్యి జారిపోయింది అన్నడు.
"ఫాతెహా ఏ పేరు మీద చదవాలె?
గదొక్కటి చెప్పుమను కమిటీని."
చాయ్ తెప్పిస్తే తాగలే. కప్పు మీద మీగడ కట్టింది.

దేవరకొండ దిక్కు గడి మనుమలు
కారు దిగకుంట డ్రైవరుతోని పంపిండ్రు కాగితం.
మా తాత కూతురు అని ఉన్నది.
ఒక్క మాట మీద వైట్నర్ పూసి ఉన్నది.
ట్యూబులైటుకు ఎత్తి పట్టిన,
కింద మాట ఊపిరి తీసుకుంటున్నది: ఆడబాప.
కాపీల మటుకు అది రాదు.
తెల్లగ, సాఫుగ వస్తది.

ఇగ సాయవ్వ.
పాలమూరు నుంచి నిలవడి వచ్చింది, చేతుల కాగితం లేదు.
"డిండి కట్ట పోసేటప్పుడు బిడ్డా,
మా పెద్దమ్మ మట్టిగంప దించి కన్నది,
పొద్దుమూకకముందే మళ్ల గంపెత్తింది.
కట్టకు ఊరుంటదా? ఊరు రాయమంటే ఏం రాద్దు?"
అద్దం మీద ఎడమచెయ్యి పెట్టింది.
చిటికెనవేలు లోపటికి వంగి ఉన్నది.
"మా ఇంట్ల ఆడోళ్లకందరికి గింతే. తియ్యి."
తీసిన.
గప్పుడు యాదికొచ్చింది,
ఏ సినిమాల చూసినా ఎడమచెయ్యి
కొంగుల దాపెట్టుకునే నిలవడేది ఆమె.
అందరు దాన్ని సోకు అన్నరు.

ఆమెనడిగితే నవ్వేదట.
"మద్రాసు స్టేషన్ల రైలు దిగంగ పుట్టిన,
టికెట్టు గేటుకాడ గుంజుకున్నరు" అనేదట.

మా నాయిన డేరా టాకీసుల ఆపరేటరు.
రాణి వేషమేసిన ఆ బొమ్మల కొడుకు సచ్చిపోతడు.
సింహాసనం మెట్ల మీద,
రాసిచ్చిన పెద్ద బాస అంత మరిచి
"ఓ అవ్వో, నేనెట్ల సేతు" అన్నదట ఒక్కమాటు.
మద్రాసోళ్లు ఎట్ల కోయకుంట ఇడిసిండ్రో తెల్వదు.
డేరా కింద పల్లీలు ఒలిచే చప్పుడు ఆగింది.
బయట బండ్లోళ్లు కూడ కనాతు ఎత్తి చూసిండ్రు.
ఆఖరి ఆట నాడు నాయిన ఆ జానెడు ముక్క కోసుకున్నడు.
కంపెనీ ఆరు రూపాయలు జుర్మానా ఏసింది.
జీతం పద్దెనిమిది.

ఆ ముక్క నశ్యం డబ్బల ఇప్పటికి ఉన్నది.
రాణి మొఖం ఎర్రవడ్డది, కండ్లు ఎలిసినయ్.
అంచు మీద సన్నగ, వంకరటింకర తెల్లగీత:
మాట అంటే గదే అన్నడు నాయిన.
దాన్ని పలికిచ్చే మిషిను ఇప్పుడు ఏ ఊర్ల లేదు.
ఒకనాడు చూస్తే గుట్టల వరుస లెక్క,
ఒకనాడు మగ్గం దారం తెగిన లెక్క,
కొన్నిమాట్ల ఏ లెక్కా కాదు.

ఫైలు పట్నం పోయిందంటుండ్రు.
నిన్న రాత్రి షెట్టరు సగం దించి
ఆ ముక్కను అద్దం మీద పెట్టిన.
పచ్చని వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు
దాని కింద పాక్కుంట పోయింది.
కాగితం నల్లగ వచ్చింది, ఏడిగ,
ఓ పక్కన ఎంటికంత గీత.

రెండు రూపాయలు నేనే గల్లల ఏసిన.